ఆరో రీలు

ఆయన పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను చేతిలోని టిఫిన్ డబ్బా కూడా కింద పెట్టలేదు. కూకట్‌పల్లిలో నేను టైపు చేసే కంప్యూటర్ సెంటర్‌కి దవాఖాన నుంచి ఎవరో చేశారు. "ఈయన దగ్గర మీ నంబరు ఒక్కటే ఉందండీ. సామాను తీసుకెళ్ళేవాళ్ళు ఎవరూ లేరు" అన్నారు. నాకేం సంబంధం, నా నంబరు ఆయనకెలా దొరికింది అని అడుగుదామనుకున్నాను. అడగలేదు. వస్తానని చెప్పి పెట్టేసి, మిగిలిన ఉప్మా తినేశాను. మనిషి పోతే బాధపడాలంటారు. నాకు మాత్రం కోపం వచ్చింది. తిట్టుకోవడానికి ఇక మనిషి కూడా లేకుండా పోయాడే అని కోపం.

మా ఊళ్ళో ఆయన్ని రష్యా సారు అనేవారు. రష్యా మొహం ఎన్నడూ చూసినవాడు కాదు. బెజవాడ అవతల ఏదో ఊరి మనిషి. సోవియట్ దేశం ఉన్న రోజుల్లో, పట్నంలో ఆ దేశపు సినిమాలు ఆడించే ఒక హాల్లో తెర పక్కన నిలబడి కథను తెలుగులో చెప్పడం ఆయన పని. ఆ దేశం ముక్కలయ్యాక హాలుకు తాళం పడింది. ఆయనకు మిగిలింది ఒక పాత ప్రొజెక్టరు, రేకు డబ్బాల్లో ఆరు రీళ్ళ సినిమా ఒకటి. వాటిని ఆటోలో వేసుకుని రాయదుర్గం గుట్టల పక్కనున్న మా ఊరొచ్చాడు. మా ఇల్లు మా పొలంలోనే ఉండేది. అందులో పక్క గది కిరాయికి తీసుకున్నాడు. అప్పటికి మాదాపూర్ వైపు కంప్యూటర్ కంపెనీల గుండ్రటి బిల్డింగు లేస్తోంది. లోకమంతా అటు పరిగెత్తుతుంటే ఈ మనిషి ఇటొచ్చాడు. మాకు అప్పుడే అనుమానం రావలసింది.

మాది పాల వ్యాపారం. ఏడు బర్రెలు. నాయిన పాలు పిండి, సైకిల్ మీద కూకట్‌పల్లి కాలనీకి వెళ్ళి ఇంటింటికీ పోసి వచ్చేవాడు. అలాంటి ఇంట్లో దిగి, మొదటి రోజు అమ్మ చిక్కటి చాయ్ చేసిస్తే "నేను పాలు పోసిన టీ తాగనండీ" అన్నాడు. నల్లటి డికాషన్‌లో నిమ్మకాయ పిండుకుని, చెంచాడు జామ్ నోట్లో పెట్టుకుని, దాని మీదుగా ఆ టీని జుర్రుకునేవాడు. రష్యాలో అలాగే తాగుతారట. ఎవరు చూడొచ్చారు?

"పాలోళ్ళింట్ల ఉండి పాలు ముట్టడు. మన పాలకేం రోగమొచ్చిందట?" అని అమ్మ మూడు నెలలు గొణిగింది.

ఇంకా ఉన్నాయి ఆయన వేషాలు. నడి ఎండల్లో మెడకు మఫ్లర్. ఎవరినైనా సరే మీరు, అండీ. మా బర్రెలను కూడా! దారికడ్డంగా పడుకున్న బర్రె ముందు నిలబడి "కొంచెం జరుగుతారా అండీ" అనేవాడు. అది జరిగేది కాదు. ఆయన అదిలించేవాడూ కాదు. అది లేచేదాకా చేతులు కట్టుకుని అక్కడే నిలబడేవాడు. నాయిన అది చూసి పడీ పడీ నవ్వేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

ఎందుకంటే ఆయన మర్యాద బర్రెలదాకా వచ్చింది గానీ నాదాకా రాలేదు. నేనప్పుడు డిగ్రీ ఆఖరు సంవత్సరం. నన్ను ఒక్కణ్ణే నువ్వు అనేవాడు, నా మాటనే దిద్దేవాడు. "వస్తున్న సార్" అంటే, "వస్తున్నాను అనాలబ్బాయ్." "గట్ల కాదు సార్" అంటే, "అలా కాదు. చదువుకున్నవాడివి." మా నాయిన అంతకంటే పచ్చిగా మాట్లాడితే మాత్రం తలూపుకుంటూ వినేవాడు. ఇప్పుడు నేను రాస్తున్న ఈ తెలుగు సగం ఆయన దిద్దిందే. అదొక మంట.

నెలకో ఆదివారం మధ్యాహ్నం మా బడి గదిలో సినిమా. కిటికీలకు గోనెసంచులు కట్టేవాళ్ళం. తెర మా అమ్మ తెల్ల దుప్పటి. ప్రొజెక్టరులో శబ్దం వచ్చే భాగం ఎప్పుడో కాలిపోయింది. కాలకపోయినా ఆ భాష ఎవరికి తెలుసు? అంచేత బొమ్మ రష్యావాళ్ళది, మాట ఈయనది. లైటు వెలిగించే ముందు అద్దాన్ని జేబురుమాలుతో తుడిచి, "చూస్తారుగా!" అనేవాడు. ప్రతిసారీ అదే మాట, అదే గొంతు. మేమేదో ఆయన మాట నమ్మలేదన్నట్టు.

కథ ఇది. ఉత్తరాన, భూమి కొసన, ఎటు చూసినా మంచే. వలసపక్షులు గుంపులుగా ఆ మంచు వైపే ఎగిరిపోతుంటాయి. చలికి పారిపోవలసిన పక్షులు మంచులోకి ఎందుకు పోతాయి? అక్కడెక్కడో వెచ్చటి నేల ఉండి ఉండాలి. అలా నమ్మిన కొందరు పడవెక్కి, కుక్కల బళ్ళెక్కి, చచ్చీ చెడీ అక్కడికి చేరతారు. నిజంగానే ఉంటుంది. చుట్టూ మంచు, నడుమ పచ్చటి లోయ. భూమి కిందున్న మంట ఆ లోయను వెచ్చగా ఉంచుతుంటుంది. అందులో ఒక జాతి జనం, లోకమొకటుందని తెలియకుండా బతుకుతుంటారు.

ఇంతే కథ. దాన్ని ఆయన నెలకో రకంగా చెప్పేవాడు. ప్రయాణానికి డబ్బు పెట్టిన షావుకారు తెర మీదికి రాగానే "ఈయన ప్లాట్ల బ్రోకరండీ" అనేవాడు. జనం విరగబడి నవ్వేవారు. ఆ జాతి పెద్దకు మా సర్పంచ్ నడక ఉందని కనిపెట్టింది కూడా ఆయనే. ఆ తర్వాత సర్పంచ్ ఊళ్ళో నడవడానికి సిగ్గుపడ్డాడు. ఆడవాళ్ళు తెరతోనే మాట్లాడేవారు. "ఓ అయ్యా, అటు పోకు, గాడ మంచు ఇరుగుతది!" అని అరిచేవారు. ఒక్కటే సినిమా, ఎన్నిసార్లు చూశామో లెక్క లేదు. మళ్ళీ నెలకు మళ్ళీ వచ్చేవారు.

మంచు ఎరగని మనిషి మంచును అలా చెప్పడానికి ఏం చేసేవాడో నాకు తెలుసు. ఒకరోజు నాయిన సైకిల్ వెనక, పాల క్యాన్ల నడుమ కూర్చుని కూకట్‌పల్లి ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళాడు. అక్కడ ఐసు దిమ్మ మీద అరచెయ్యి పెట్టి, తిమ్మిరెక్కేదాకా తియ్యలేదట. "ఇలా ఉంటుందన్నమాట" అన్నాడట. ఆ ఆదివారం చలి గురించి ఎంతలా చెప్పాడంటే, అంత ఉక్కలో ఆడవాళ్ళు కొంగులు కప్పుకున్నారు. చూశారా, అబద్ధానికి కూడా ఎంత కష్టపడేవాడో!

మా పొలం రెండెకరాలు. చుట్టూ బండలు. ఒక పెద్ద బండ కింద నుంచి ఊట వచ్చేది. ఎండాకాలం గుట్టలన్నీ పెనంలా కాలుతున్నా, ఆ ఊట కింద అరెకరం గడ్డి పచ్చగా నిలబడేది. బర్రెలు ఆ గడ్డి మీద బతికేవి, బర్రెల మీద మేం బతికేవాళ్ళం. మొదటి ఆదివారం తెర మీద ఆ పచ్చటి లోయ కనబడగానే నాయిన లేచి నిలబడ్డాడు.

"అరే, ఇది మన ఊట లెక్కనే ఉన్నది!" అన్నాడు.

గదిలో అందరూ నవ్వారు. సారు నవ్వలేదు. "అవునండీ, మీ ఊట లాంటిదే" అన్నాడు. మా కొంప మునగడం అక్కడ మొదలైంది.

ఐదు రీళ్ళు అయ్యాక లైటు ఆపేసేవాడు. ఆరోది పాడైపోయిందండీ అనేవాడు. నాయిన ప్రతిసారీ వదలకుండా అడిగేవాడు. "ఆఖరికి ఆ జాగ ఏమైంది సారూ? ఉన్నదా, పోయిందా?"

"ఉందండీ. ఎక్కడికి పోతుంది? పక్షులు ఇప్పటికీ అటే పోతున్నాయిగా!"

నాయిన బీడీ ముట్టించుకుని, ఆ జాగ తనదే అయినంత తృప్తిగా బయటికి వచ్చేవాడు.

ఒకరోజు, దిద్దుతానని ఆయన తీసుకున్న నా నోట్సు కోసం ఆయన గదికి వెళ్తే, ఆరో డబ్బా మూత తీసి ఉంది. రీలు కొత్తదానిలా మెరుస్తోంది.

"పాడైందన్నరు గద సార్?" అన్నాను.

"అన్నారు కదా" అని దిద్ది, మూత పెట్టాడు. డబ్బా పక్కకు జరిపి చెప్పాడు. "బాగానే ఉంది. హాలు మూసేసిన రోజు ఆఖరిసారి వేశాను. హాల్లో నేనొక్కణ్ణే. ఆ తర్వాత వేయబుద్ధి కాలేదు."

"ఏమైతది అండ్ల?"

"కింది మంట ఆరిపోతుంది. మంచు పడుతుంది. లోయ పోతుంది."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "మరి మా నాయినకు ఉన్నదని ఎందుకు చెప్తున్నరు?"

"మీ నాన్నగారు అడిగే తీరు చూశావా ఎప్పుడైనా? అలా అడిగే మనిషికి పోయిందని ఎలా చెప్పమంటావు?"

ఛీ, ఇదొక జవాబా అనుకున్నాను. ఒక దేశం పోయిందని ముసుగు వేసుకుని కూర్చున్నవాడు మా ఇంట్లో చేరి మాకు కథలు చెబుతున్నాడు. బయటికొచ్చి గేటు ధడాల్న వేశాను.

ఆ మరుసటి ఏడు నోటీసులు వచ్చాయి. రోడ్డు పడుతుంది, ఆఫీసులు వస్తాయి, ఊరు ఖాళీ కావాలి. ఫలానా సోమవారంలోగా ఒప్పుకుని దస్కత్ చేసినవాళ్ళకు కొండాపూర్ అవతల కొత్త కాలనీలో ఇంటి జాగ ఇస్తారు, పశువుల కొట్టం వేసుకునేంత చోటుతో సహా. చెయ్యనివాళ్ళ నేల ఎలాగూ పోతుంది. ఆ జాగ మాత్రం రాదు. కోర్టుల చుట్టూ తిరగాలి. నోటీసు చదివి నాయినకు అర్థమయ్యేలా చెప్పింది నేనే. మా ఇంట్లో కాగితం ఏది వచ్చినా చదివేది నేనే.

ఊరంతా ఒక్కొక్కరే వెళ్ళి దస్కత్ చేసి వచ్చారు. నాయిన వెళ్ళలేదు.

"ఊట ఉన్నన్ని దినాలు నేనేడికి పోను" అన్నాడు.

"అందరు పోతున్నరు నాయిన. మనమొక్కళ్ళం ఉండి ఏం జేస్తం?"

"అంత మంచు నడుమ గూడ ఉన్నదట గదరా! మనకేమైతది?"

అమ్మ ఏడ్చింది. ఆ జాగ రాకపోతే బర్రెలు పోతాయి, బర్రెలు పోతే ఏం తిని బతకాలని నెత్తి కొట్టుకుంది. నేను అరిచాను. నాయిన గడ్డి కోసుకురావడానికి వెళ్ళిపోయాడు. ఆ కోపంలో నేను సారు గది ముందు నిలబడి ఏమన్నానో అన్నీ రాయలేను. "మీ కత పట్టుకొని కూసున్నడు మా నాయిన" అన్నది మాత్రం గుర్తుంది. ఆయన ఆ ఒక్కసారి దిద్దలేదు.

అప్పటికే పక్క గుట్టను పేల్చడం మొదలైంది. రోజూ మధ్యాహ్నం విజిల్ వేసేవారు. జనం ఇళ్ళలోకి పోయాక పేల్చేవారు. మా గూట్లో గిన్నెలు కదిలేవి. బర్రెలు పాలు చేపడం తగ్గింది. ఊట కూడా కొంచెం తగ్గింది. "ఎండకాలం గద, తగ్గుతది. వానలు పడితె మల్ల అదే వస్తది" అనేవాడు నాయిన. ఏటా అలాగే వచ్చేది కాబట్టి నేనూ పట్టించుకోలేదు.

సారుకు ఇంకో అలవాటుండేది. పొద్దున్నే తన నల్ల టీ గ్లాసు పట్టుకుని ఊట దగ్గరికి వెళ్ళి, బండ మీద సుద్దముక్కతో గీత గీసేవాడు. బడిపిల్లల ఆట. ముసలితనానికి మతి చెడుతోందనుకున్నాను. ఆ వేసవిలో ఆయన గొంతు కూడా పోయింది. దవాఖానలో చూపిస్తే లోపల పుండు ఉందన్నారట. మాట గాలిలా వచ్చేది. నిజం చెప్పాలంటే, సంతోషమేసింది నాకు. ఇక కథలు చెప్పలేడు కదా!

సోమవారం ఆఖరి రోజు అనగా, శుక్రవారం పొద్దున నన్ను చెయ్యి పట్టుకుని ఊట దగ్గరికి తీసుకుపోయాడు. బండ మీద గీతలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. పై గీత నా మోకాలి ఎత్తున ఉంది. కింది గీత చీలమండ దగ్గర.

"పేల్చడం మొదలైన రోజు నుంచి, నీళ్ళు నిలిచిన చోటల్లా గీస్తున్నాను" అన్నాడు. వినడానికి ఆయన నోటి దగ్గర చెవి పెట్టవలసి వచ్చింది. "ఇది ఎండకు తగ్గడం కాదబ్బాయ్. కింద రాయి కదిలిపోయింది. వచ్చే వేసవికి ఉండదు."

"ఇది మా నాయినకు చెప్పుండ్రి."

"ఇన్నాళ్ళు ఉందని చెప్పిన నోరిది. ఇప్పుడు లేదంటే ఎందుకు వింటారు? ఆదివారం ఆరో రీలు వేస్తాను. కళ్ళతో చూస్తే వింటారు. నువ్వు చెప్పు."

ఒక నోటుబుక్కు ఇచ్చాడు. ఆరో రీలుకు మొత్తం మాటలు రాసి పెట్టాడు. ఒక్క వేషం లేదు, బ్రోకరు లేడు, సర్పంచ్ లేడు. ఉన్నది ఉన్నట్టు.

ఆదివారం గది నిండిపోయింది. ఆరో రీలు బాగైందట అని ఊరంతా వచ్చింది. నాయిన ఉతికిన చొక్కా వేసుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. "ఇయ్యాల నా కొడుకు చెప్తడు" అని ఎదురొచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. సారు అద్దం తుడిచాడు. "చూస్తారుగా" అనడానికి పెదాలు కదిపాడు గానీ శబ్దం రాలేదు. లైటు వెలిగింది.

ఐదు రీళ్ళూ నోటికే చెప్పేశాను. ఎన్నిసార్లు విన్నవి! జనం నవ్వారు కూడా. నా గొంతు ఊరంతా వినడం అదే మొదటిసారి. బాగుంది, కాదనను.

ఆరో రీలు మొదలైంది. లోయ పక్క మంటల కొండ నోట్లో పొగ ఆగిపోయింది. లోయలో జనం ఇళ్ళలోంచి బయటికి వచ్చి పైకి చూస్తున్నారు. పచ్చటి గడ్డి మీద తెల్లగా ఏదో రాలుతోంది. నా చేతిలో నోటుబుక్కు తెరిచే ఉంది. మొదటి వాక్యం చూశాను. నోరు తెరిచాను. అప్పుడు ముందు వరుస నుంచి నాయిన అడిగాడు.

"బిడ్డా, ఉన్నదా, పోయిందా?"

దుప్పటి మీంచి వచ్చే వెలుగులో ఆయన మొహం కనబడుతోంది. నాకు ఆ మొహం వంక చూస్తూ చెప్పడం చేత కాలేదు.

"ఇది కల నాయిన" అన్నాను. "ఆళ్ళ పెద్దకు కల వడ్డది. మంచు పడ్డట్టు కల వడ్డది."

గదంతా ఊపిరి వదిలింది. ఇక ఆగలేదు నేను. జనం ఏడుస్తుంటే కలలో ఏడుస్తున్నారన్నాను. ఆ వచ్చినవాళ్ళలో ఒకడు ఒంటరిగా మంచులో నడిచిపోతుంటే, "మల్ల మనోళ్ళను తోల్కరానీకి పోతున్నడు" అన్నాను. ఆఖరున వాడి తల మీదుగా పక్షులు పోతుంటే, "ఇగో, పక్షులు మల్ల అటే పోతున్నయ్. పొద్దుగాల లేచి చూస్తె అంత పచ్చగనే ఉన్నది" అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. సారుకంటే బాగా చెప్పానని ఎవరో అన్నారు. నాకూ అలాగే అనిపించింది. ఆయన ఆటలో ఆయన్నే ఓడించాను.

వెనక్కి తిరిగి చూశాను. సారు ప్రొజెక్టరు పక్కన సగం లేచి నిలబడి ఉన్నాడు. నోరు కదులుతోంది, మాట లేదు. ఆయన చెయ్యి స్విచ్చి మీద ఉంది. నొక్కలేదు. నాకు ఇప్పటికీ అర్థం కానిది ఆ చెయ్యే. గొంతు లేదు, సరే. వేలు ఉంది కదా! ఆ లైటు ఆర్పి, నా చెంప మీద ఒక్కటి కొట్టి ఉంటే చాలు, నాయిన అడిగేవాడు, నిజం బయటపడేది. ఆయన రీలును మెల్లగా వెనక్కి చుట్టి, డబ్బాలో పెట్టి, నా చేతిలోని నోటుబుక్కు తీసుకుని, నా వంక చూడకుండా వెళ్ళిపోయాడు.

నాకు ఆ సాయంత్రం అంతా ఉంది. సోమవారం సాయంత్రం దాకా ఉంది. నేనూ చెప్పలేదు. నాయిన పాలు పోసి వచ్చి, అన్నం తిని, ఊట దగ్గర తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. ఆఫీసు ఐదింటికి మూసేశారు.

జాగలు వచ్చినవాళ్ళ జాబితాలో మా పేరు లేదు. సారు ఆ నెల్లోనే దవాఖానకు దగ్గరగా ఉంటానని పట్నం వెళ్ళిపోయాడు. వానలు పడ్డాయి, ఊట రాలేదు. మరుసటి వేసవికి ఆ బండ కింద మట్టి పగుళ్ళు తప్ప ఏమీ లేదు. బర్రెలను రెండేసి అమ్మాం. ఆఖరి జత వెళ్తుంటే అమ్మ వాటి వెంట రోడ్డు దాకా నడిచింది. తర్వాత యంత్రాలొచ్చాయి. ఇల్లు కిరాయికిచ్చినవాళ్ళం కిరాయికి వచ్చాం, కూకట్‌పల్లిలో మేడ మీద ఒక్క గదికి. నాయిన పాలు పోసిన వీధిలోనే. ఇప్పుడు మాకు పాలు ప్యాకెట్‌లో వస్తాయి.

"రష్యా సారు ముంచిండు" అని ఊరివాళ్ళు ఎక్కడ కలిసినా అంటారు. అమ్మ అంటుంది. అందరికంటే గట్టిగా నేనంటాను. ఆ రోజు నేను చదివింది ఆయన రాసిందేనని అందరూ అనుకున్నారు. నేను కాదని చెప్పలేదు. ఒక్క నాయిన మాత్రం ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. నాయిన మంచితనం అనుకున్నాను.

దవాఖానలో వార్డు మనిషి ఆరు రేకు డబ్బాలు, ఒక మఫ్లరు, ఆ నోటుబుక్కు అప్పజెప్పాడు. ప్రొజెక్టరు ఏమైందో తెలియదన్నాడు. "చాన్నాళ్ళ సంది మాట లేదు. అన్ని సైగలే. నర్సమ్మకు గూడ మీరు, అండీ అని రాసి చూపెట్టెటోడు" అని నవ్వాడు. నేను నవ్వలేదు. బస్సులో నోటుబుక్కు తెరిచాను. ఆరో రీలు దగ్గర ఎడమ పేజీలో ఆయన మాటలు ఉన్నాయి. కుడి పేజీలో పెన్సిల్‌తో, ఆయన రాతలోనే, ఆ రోజు నేనన్నవి. "ఇది కల నాయిన" దగ్గర నుంచి "అంత పచ్చగనే ఉన్నది" దాకా. వడ్డదిని వడ్డది అనే రాశాడు, పొద్దుగాలను పొద్దుగాల అనే. ఒక్క అక్షరం దిద్దలేదు. ఆయన నా మాట దిద్దకుండా వినాలని ఎన్నేళ్ళు కోరుకున్నాను! ఈ మాటలే దొరికాయా ఆయనకు? బస్సులో అందరి ముందూ గట్టిగా తిట్టాను. పక్కనున్నాయన లేచి వేరే సీటుకు పోయాడు.

డబ్బాలు తెచ్చి గది మూల పెట్టాను. నాయిన మంచం మీద కూర్చుని వాటిని చూశాడు.

"సారు పోయిండా?"

"పోయిండు."

"మంచిగ చెప్పెటోడు" అన్నాడు.

"ఏం మంచిగ నాయిన!" అని అందుకోబోయాను. అలవాటైన తిట్టు నోటిదాకా వచ్చింది. మూల డబ్బాలున్నాయి, చేతిలో నోటుబుక్కు ఉంది. తిట్టు వెనక్కి పోయి వేరే మాట బయటికొచ్చింది. "నాయిన, ఆరో రీలుల కల లేదు. సారు రాసింది వేరే. నేనే మార్చిన."

పొయ్యి దగ్గర అమ్మ చేతిలో గంటె ఆగింది. నాయిన నా వంక చూడలేదు.

"ఎరుకే" అన్నాడు.

"ఎప్పటి సంది?"

"గా దినమే. మంచు పడ్డది నా కండ్లకు కనవడలేదా? గా మనుషులు ఏడ్చుడు కనవడలేదా?"

"మరి దస్కత్ ఎందుకు చెయ్యలె?"

"సారు ఉన్నదంటె నవ్వుకుంట ఇనేటోణ్ణి బిడ్డా. కతలు చెప్పెటోడు కతలే చెప్తడు. ఆయన మాట మీద నేనెందుకుంట? గా దినం చెప్పింది నువ్వు. నోటీసు సదివేటోనివి నువ్వు. బొమ్మల పోయింది గని, మన ఊట సంగతి నీకేదో ఎరుకయ్యింది, అందుకే ఉన్నది అంటున్నవనుకున్న."

ఇన్నాళ్ళూ ఒక మనిషిని తిట్టుకుంటూ నేను దేన్ని తప్పించుకు తిరిగానో అది నా ఎదుట మంచం మీద కూర్చుని ఉంది. నాయిన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"సారు రాసింది అండ్ల ఉన్నదా?" అని అడిగాడు.

"ఉన్నది."

"సదువు."

సారును నేను క్షమించలేదు. ఆ వేలు స్విచ్చి నొక్కనందుకు ఎప్పటికీ క్షమించను. కానీ నోటుబుక్కు తెరిచి ఎడమ పేజీ తీశాను. అమ్మ వచ్చి కింద కూర్చుంది.

"కింది మంట ఆరిపోయింది. నేల చల్లబడుతోంది. మొదటి మంచు పడుతోంది. లోయలో మనుషులు బయటికి వచ్చి చూస్తున్నారు. ఏం చెయ్యాలో వాళ్ళకు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు."

నాయిన మధ్యలో ఏమీ అడగలేదు. చివరిదాకా చదివాను. ఒక్క మాట కూడా మార్చలేదు.